తాతగారి ఫియట్టూ, మా వాళ్ల సెంటిమెంటూ

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా చదివి కొంతమందికి ఒళ్లు మండుతుంది. మండితే మండనివ్వండి. చాన్నాళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది.

మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఒక పాత కారు కనిపిస్తుంది. అంబాసిడరో, ఫియట్టో. పైన చిరిగిన టార్పాలిన్, నాలుగు టైర్లలోనూ గాలి ఉండదు, కింద ఓ కుక్క, బానెట్ మీద ఎండబెట్టిన వడియాలు. ఓనరుగారిని "అమ్ముతారా అండీ" అని అడిగి చూడండి. మొహం గంభీరంగా పెట్టి "అమ్మమండీ, మా నాన్నగారి గుర్తు" అంటారు. ఆ గుర్తుని ఆయన చివరిసారి తుడిచింది ఎప్పుడో ఆయనకే గుర్తుండదు. నాన్నగారి ఫొటోని కూడా ఇలాగే వానలో, ఎండలో, కోడిరెట్టల మధ్య ఉంచుతారా అని అడగాలనిపిస్తుంది గానీ, పెద్దవాళ్లు, ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకుంటాను.

ఇక్కడ మాత్రం ఊరుకోను. షెడ్డులో తుప్పు పడుతున్న కారు జ్ఞాపకమూ కాదు, వారసత్వమూ కాదు. అది ఎవరూ తీసుకోని ఒక నిర్ణయం, అంతే. నడిపించే ఉద్దేశం ఉంటే నడిపించాలి, లేకపోతే విప్పేసి నడిచే బళ్లకి దానం చెయ్యాలి. మధ్యలో "ఉండనీ" అనే మాట ఉంది చూశారూ, దానంత క్రూరమైన మాట ఇంకోటి లేదు.

మాదీ ఈ బాపతు ఇల్లే కాబట్టి మా సంగతే చెప్తాను. కాకినాడలో మా తాతయ్య కొన్న 1984 ప్రీమియర్ పద్మిని. మా ఇంట్లో ఎవరూ దాన్ని పద్మిని అని పిలిచిన పాపాన పోలేదు, ఫియట్ అనే అంటారు. అందులో తప్పేం లేదు కూడా. ఇటలీలో 1962లో వచ్చిన ఫియట్ 1100డి అనే బండిని బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఇక్కడ తయారుచేశారు. మొదట డిలైట్, తర్వాత ప్రెసిడెంట్, 1974లో పద్మిని. పేరు మారింది గానీ బండి పెద్దగా మారలేదు. ఇటలీ వాడు 1966లో దాన్ని పక్కన పడేస్తే, మనం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా అదే చేసుకుంటూ కూర్చున్నాం. 1089 సీసీ ఇంజను, నలభై చిల్లర గుర్రాలు, స్టీరింగు పక్కనే గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, ముందు తలుపులకి గాలి కోసం తిప్పుకునే ముక్కోణపు అద్దం. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో. దాని తర్వాతి ఏడాది మా తాతయ్య ఫియట్ కొన్నాడు. "మారుతి అగ్గిపెట్టెలా ఉంది, మన ధాన్యం బస్తాలు పడతాయా" అన్నాడట. ఆ మనిషికి కారంటే ఏంటో ఆ ఒక్క మాటలో ఉంది. బస్తాలు మొయ్యడానికి. పూజకి కాదు.

బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, తర్వాత అయిదేసి ఏళ్లకోసారి రెన్యూవలు. 2009లో గడువు అయిపోయింది, తాతయ్యకి చూపు తగ్గింది, కారు షెడ్డులోకి వెళ్లింది. 2013లో తాతయ్య పోయాడు. అప్పటినుంచి అది "గుర్తు" అయి కూర్చుంది. షెడ్డు అంటే పెద్దగా ఊహించుకోకండి, పైన రేకులు, రెండు వైపులా గోడలు, అంతే. సముద్రం అక్కడికి మూడు కిలోమీటర్లు ఉండదు.

ఆ మూడు కిలోమీటర్లే ఈ కథలో అసలు విలను. ఇనుముకి తుప్పు పట్టాలంటే గాలి, నీళ్లు రెండూ కావాలి. ఉప్పు తోడైతే ఆ తడి కరెంటుని ఇంకా బాగా మోసుకుపోతుంది. తుప్పు అనేది ఒక చిన్న బ్యాటరీ లాంటి వ్యవహారం. ఒకే రేకు మీద ఒకచోట ఇనుము కరుగుతుంటుంది, పక్కన ఇంకోచోట ఆక్సిజను ఆ ఎలక్ట్రాన్లని మింగుతుంటుంది. పెయింటు ఉన్నంతకాలం ఫర్వాలేదు. పెయింటు కింద సూదిమొనంత గీత పడితే చాలు, లోపల్లోపలే పాకుతుంది. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కొన్ని రెట్లు. రెండు రేకులు అతికిన చోట తుప్పు పుట్టిందంటే అది ఉబ్బి ఆ రెండిటినీ విడదీస్తుంది. మీ కారు మీద పెయింటు బుడగలా లేచిందంటే మీరు చూస్తున్నది మొదలు కాదు, అది లోపల్నుంచి బయటికొచ్చిన చివర.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. లారీకి కింద ఛాసిస్ వేరే ఉంటుంది, పైన బాడీ వేరే. బాడీ పుచ్చిపోతే కొత్త బాడీ కట్టించుకోవచ్చు, విజయవాడ ఆటోనగర్ బతుకుతున్నదే దాని మీద. ఫియట్టుకీ అంబాసిడరుకీ ఆ సుఖం లేదు. వాటి బాడీయే వాటి ఛాసిస్. నేల రేకు, తలుపుల కింద పొడవునా పెట్టెలాగా ఉండే రేకు (మా టింకరు రన్నింగ్ బోర్డు అనే అంటాడు), చక్రాల వెనక ఉండే గుమ్మటాలు, ఇవన్నీ కలిసి బండి బరువుని మోస్తాయి. ఆ పెట్టెల్లోకి నీళ్లు పోతే బయటికి వెళ్లడానికి కింద చిన్న చిల్లులు ఉంటాయి. అవి మట్టితో పూడుకుపోతే, లోపల నీళ్లు నెలల తరబడి నిలవుంటాయి. బయట చూస్తే తళతళ, లోపల చూస్తే చెదపట్టిన దూలం. బానెట్ మీద చెయ్యంత తుప్పు ఉన్నా కంగారు పడక్కర్లేదు, మడ్‌గార్డుకి చిల్లు పడ్డా విప్పి వేరేది బిగించుకోవచ్చు. ఈ పెట్టెలు పోతే మాత్రం బండి పోయినట్టే లెక్క. తలుపు తెరిస్తే మళ్లీ సరిగా పడదు, ఎందుకంటే తలుపు తెరిచాక బాడీ నడుం వంగిపోయింది. జాకీ పెడితే బండి లేవదు, జాకీయే లోపలికి దిగుతుంది.

కాబట్టి పాత కారుని ఏం చెయ్యాలి అన్నదానికి జవాబు మీ మనసులో ఉండదండీ. బండి కింద ఉంటుంది. ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి లైటు పట్టుకుని వెల్లకిలా పడుకోండి. అయస్కాంతం అంటుకోని చోటల్లా ఉన్నది రేకు కాదు, లప్పం. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిస్తే టంగుమనాలి. కరకరలాడితే అప్పడం. ఈ పరీక్షకి అరగంట పడుతుంది, రూపాయి ఖర్చు లేదు. పదమూడేళ్లపాటు సెంటిమెంటు మాట్లాడిన మా ఇంట్లో ఒక్కరూ ఈ అరగంట పెట్టలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనూ, ఊళ్లో పాతబళ్లు చేసే ఒక ముసలి టింకరూ కలిసి చూశాం. ఆయన పొడిచిన మొదటి పోటుకే స్క్రూడ్రైవరు పిడిదాకా దిగింది. ఎడమ రన్నింగ్ బోర్డు మొత్తం, కుడిదాంట్లో సగం, డ్రైవరు కాళ్ల కింద నేల, వెనక కమాను పట్టాలు బాడీకి బిగించే చోటు. అన్నీ అయిపోయాయి. ఆయన లేచి, చేతులు దులుపుకుని, "బాబూ, ఇది కారు కాదు, కారు ఆకారంలో ఆరబెట్టిన లప్పం" అన్నాడు. 1990ల్లో ఎవరో రేకు కోసి కొత్త రేకు అతికే బదులు పాత తుప్పు మీదే రివెట్లు కొట్టి, పైన లప్పం మెత్తి, రెడ్ ఆక్సైడ్ పూసి ఇచ్చారు. పైకి ముచ్చటగా ఉంది కాబట్టి అప్పట్లో డబ్బులిచ్చి పంపించారు.

ఇహ మా ఇంట్లో పార్టీలు. ఇవి మీ ఇంట్లో కూడా ఉంటాయి.

మొదటి పార్టీ మా నాన్నది. "ఉండనీరా, అదేమన్నా తిండి అడుగుతోందా?" అడుగుతోంది నాన్నా. షెడ్డు చోటు తింటోంది. ఎలకలకి కాపురం ఇస్తోంది, వైరింగంతా అవే కొరికేశాయి. ఇవి కాదు అసలు నష్టం. పద్మినికి కొత్త స్పేర్లు చేసేవాళ్లు ఇప్పుడు ఎంతమంది? బొంబాయిలో కాలీ పీలీ టాక్సీలుగా ఈ బళ్లు వేలకొద్దీ తిరిగినన్నాళ్లు సామాను ఎక్కడైనా దొరికేది. 2023 అక్టోబరుతో అవి కూడా రోడ్డు దిగిపోయాయి. టాక్సీలే పోయాక ఎవడి కోసం చేస్తాడు సామాను? ఇప్పుడు నడుస్తున్న ప్రతి పద్మినికీ కావల్సిన తలుపు, అద్దం, గేరుబాక్సు, డైనమో ఎక్కడున్నాయయ్యా అంటే, ఇదిగో, మా షెడ్డులాంటి షెడ్డుల్లో "గుర్తు"గా కుళ్లుతున్నాయి. కొయంబత్తూరులోనో, కొల్హాపూరులోనో ఎవడో ఒకడు మంచి డిక్కీ డోరు దొరక్క బండి ఆపేసుకుని కూర్చుంటే, ఇక్కడ మనం ఆ డోరుకి తుప్పు పట్టించి దండ వేస్తున్నాం. ఉండనీ అనేది ఖర్చులేని పని అనుకుంటారు. ఆ ఖర్చు వేరేవాడు కడుతున్నాడు, అందుకని మనకి కనపడదు.

రెండో పార్టీ మా బాబాయిది. ఆయన ప్రాక్టికల్ మనిషినని ఆయనకి గట్టి నమ్మకం. హైవే మీద ఎవరో కొత్తగా కాఫీషాపు పెడుతున్నారు, బండిని సగానికి కోసి గోడకి అతికిస్తారట, డిక్కీలో సోఫా చేస్తారట, అరవై వేలిస్తారట. "పదిమంది చూస్తార్రా, ఫొటోలు దిగుతారు" అంటాడు. బాబాయ్, తాతయ్య ఊతకర్రకి బల్బు తగిలించి లైటు స్తంభం చేస్తే నీకెలా ఉంటుంది? కోసిన కారులో ఇంజను ఏమవుతుంది, గేరుబాక్సు ఏమవుతుంది అని ఆ షాపువాళ్లని అడిగితే "అవి మాకక్కర్లేదు సార్, పాతసామాన్ల వాడికి వేసేస్తాం" అన్నారు. అదండీ సంగతి. బండిలో ఇంకా బతికున్నవి ఏవో అవి కిలోల్లెక్కన పోతాయి, చచ్చిపోయిన రేకుకి మాత్రం రంగులేసి లైట్లు పెడతారు. దీనికి వింటేజ్ థీమ్ అని పేరు.

వింటేజ్ అన్నమాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మనవాళ్లకి పాతదంతా వింటేజే. ఇంగ్లాండులో ఆ లెక్కలు చూసుకునేవాళ్లు వింటేజ్ అని స్థూలంగా 1920ల బళ్లనే అంటారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాంగారి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ లాంటివి ఆ లెక్కలో ఇంకా ముందువే. మన ప్రభుత్వం లెక్క ఇంకోటి, దానికి కింద వస్తాను. అసలు ఏ బండి మ్యూజియంలో ఉండాలి అన్నదానికి మంచి ఉదాహరణ కూడా ఫియట్టే. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా 1964 మోడలు ఫియట్ కొన్నారు, పన్నెండు వేలు. చేతిలో చాలక పంజాబ్ నేషనల్ బ్యాంకులో అయిదు వేలు అప్పు చేశారు. 1966లో ఆయన పోయాక ఆ అప్పు ఆయన భార్య లలితగారు పెన్షను డబ్బుల్లోంచి తీర్చారు. ఆ కారు ఇప్పుడు ఢిల్లీలో ఆయన స్మారక మందిరంలో ఉంది. ఉండాలి. ఆ బండికి చెప్పడానికి ఒక కథ ఉంది, అది దేశానికి సంబంధించిన కథ. మా తాతయ్య బండిలో ధాన్యం బస్తాలు వెళ్లాయి. ఆ కథ మాకు చాలు, దానికి తొమ్మిదివందల కిలోల ఇనుము అక్కర్లేదు.

మూడో పార్టీ ఇంట్లోది కాదు, మా ఆఫీసుది. వీళ్లు ఇంకా ప్రమాదం. వీకెండు రీస్టోరేషన్ వీడియోలు చూసి చూసి వీళ్లకి పూనకం వచ్చేసింది. "బ్రో, బేర్ మెటల్ కొట్టించు, ఫుల్ రీస్టోర్ చెయ్, ఎమోషన్‌కి వెల కట్టకూడదు." వెల కట్టాను బ్రో. టింకరింగు, పెయింటు మూడున్నర లక్షలు. ఇంజను బోరు, బ్రేకులు, వైరింగు, సీట్లు ఇంకో లక్షన్నర. ఇది చేసేవాడు చెప్పిన మొదటి మాట. ఇల్లు కట్టినవాళ్లకి తెలుస్తుంది మొదటి మాటకి చివరి బిల్లుకి ఉండే చుట్టరికం. ఆ డబ్బులో సగంతో ఇవాళ స్టార్టు చేసి ఇంటికి తోలుకుపోయే పద్మిని దొరుకుతుంది. సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. నేల రేకు కొత్తది, రన్నింగ్ బోర్డులు కొత్తవి, మడ్‌గార్డులు ఎవడివో, ఇంజను బోర్ చేసింది, సీటు రెక్సిను కొత్తది, పెయింటు కొత్తది. ఇక తాతయ్య చెయ్యి తగిలింది ఏది మిగిలింది అందులో? స్టీరింగు. ఆ స్టీరింగు కావాలంటే అయిదు లక్షలెందుకు, పదమూడు నంబరు స్పానరు చాలదూ :)

బండి కింద గట్టిగా ఉంటే మాత్రం నేనూ ఈ పార్టీలో చేరిపోతాను. అప్పుడు కూడా మొదట పెయింటు కాదు. మొదట బ్రేకులు, తర్వాత టైర్లు, తర్వాత పెట్రోలు ట్యాంకు, ఆ తర్వాత ఇంజను. నడుపుతూ నడుపుతూ బాగుచేసుకోవాలి. ముందు పెయింటు కొట్టించిన వాళ్లలో సగంమంది బళ్లు తళతళలాడుతూ మళ్లీ షెడ్డులోకే పోతాయి.

ఆఫీసువాళ్లు ఇంకో వాదన తెస్తారు, మా వృత్తిలోంచి. "లెగసీ కోడ్‌ని పారేస్తామా? పనిచేసేదాన్ని ముట్టుకోకూడదు కదా?" ఈ పోలికంటే నాకు చిరాకు. కోడుకి తుప్పు పట్టదండీ. ఇరవయ్యేళ్ల కింద రాసిన ప్రోగ్రాముని అటక మీద పెట్టి ఇవాళ తీస్తే ఒక్క బైటు కూడా రాలిపోయి ఉండదు. మారేది దాని చుట్టూ ఉన్న లోకం. కారు అలా కాదు, మీరు ముట్టుకోకపోవడమే దాన్ని మారుస్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే డ్రమ్ములు పట్టేస్తాయి, సిలిండర్ల గోడలకి రింగులు అతుక్కుంటాయి, బ్రేకు రబ్బర్లు రాయిలా అవుతాయి. మా ఫియట్ తిరిగిన ఇరవయ్యయిదేళ్లలో కంటే నిలబడ్డ పదహారేళ్లలో ఎక్కువ పాడైంది.

లోకం మారడం అంటే గుర్తొచ్చింది, పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. కొత్త బళ్లలో కంప్యూటరు ఉంది, పొగలో ఆక్సిజను ఎంతుందో చూసుకుని ఇంధనం సర్దుకుంటుంది. సోలెక్స్ కార్బొరేటరుకి ఆ తెలివి ఎక్కడిది? దానికి జెట్టు చిల్లు ఎంతుందో అంతే తెలుసు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కి తట్టుకునే రకం కావు. పైగా ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. వాడకుండా నెలల తరబడి ట్యాంకులో ఉంచారంటే కింద నీళ్లు చేరి ట్యాంకు లోపల్నుంచి తుప్పు. అంటే పాత బండిని అప్పుడప్పుడూ మాత్రమే బయటికి తీసేవాడికి ఇదివరకటి కంటే ఇప్పుడు కష్టం ఎక్కువ. పైపులు, డయాఫ్రం మార్చాలి, జెట్టు మార్చాలి, ట్యాంకు ఖాళీగా ఉంచకూడదు. దీనికి సిద్ధంగా లేనివాడు పాత కారు ప్రేమికుణ్ణని చెప్పుకోవడం మానెయ్యాలి.

ప్రభుత్వాన్ని తిట్టకుండా టపా ముగిస్తే ఎలా? 2021లో రెండు పనులు చేశారు. ఒకటి, పాత బళ్ల తుక్కు విధానం. రెండు, వింటేజ్ బళ్లకి వేరే రిజిస్ట్రేషను. యాభై ఏళ్లు నిండి, అసలు రూపం మారకుండా ఉంటే ఇరవై వేలు కట్టి పదేళ్లకి రిజిస్ట్రేషను తీసుకోవచ్చు, నంబరు ప్లేటు మీద వీఏ అని ఉంటుంది. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్లొచ్చు, రోజూ తిరగడానికి వీల్లేదు. బాగానే ఉంది. మరి 1984 బండి సంగతి? దానికి యాభై నిండేది 2034లో. అప్పటిదాకా అది ప్రభుత్వం దృష్టిలో ఉట్టి పాత బండి. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యూవలు ఫీజు 2022 ఏప్రిల్లో ఆరొందల నుంచి అయిదు వేలు చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటినవాటికి పదివేలు చేశారు. అంటే యాభయ్యో పుట్టినరోజు దాకా ప్రాణాలతో లాక్కొచ్చిన బండికి గౌరవం, ఆ లాక్కొచ్చే ముప్పయ్యేళ్లూ దండన. బాగా చూసుకుంటున్న నలభయ్యేళ్ల బండికీ, పొగ కక్కుకుంటూ తిరిగే నలభయ్యేళ్ల బండికీ ఒకటే ఫీజు. ఢిల్లీలో అయితే ఏళ్ల తరబడి పెట్రోలు బండికి పదిహేను, డీజిలుకి పది అని క్యాలెండరు చూసే రోడ్డు మీంచి దింపేశారు. నా గొడవ ఒకటే. వయసు చూడకండి, బండి చూడండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అన్న పేరు ఎందుకొచ్చింది? బ్రేకులు చూస్తాడని కదా? చూడమనండి. మా ఫియట్‌ని చూస్తే ఒక్క నిమిషంలో ఫెయిల్ చెయ్యాలి, చెయ్యకపోతే ఆయన్ని సస్పెండు చెయ్యాలి. అదే ఏడాది పుట్టిన ఇంకో ఫియట్ గట్టిగా ఉంటే దాన్ని పదివేల పేరుతో చంపక్కర్లేదు.

ఇక్కడ న్యాయంగా అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. పద్మిని పొగకి ఏ నియంత్రణా లేదు. మన దేశంలో భారత్ స్టేజ్ లెక్కలు మొదలైందే 2000 ప్రాంతంలో, ఇది వాటికంటే ముందు పుట్టింది. కిలోమీటరుకి లెక్కేస్తే ఇది ఇవాళ్టి కారు కంటే చాలా మురికి బండి, కాదనేవాడు ఇంజను తెలియనివాడు. గుద్దుకుంటే ముందు నలిగిపోయి మనల్ని కాపాడే ఏర్పాటు లేదు, స్టీరింగు రాడ్డు నేరుగా గుండెల మీదికి చూస్తుంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద తోలేది కాదు. నెలకి రెండుసార్లు తెల్లవారుజామున తిప్పుకునేది, అంతే. అందుకే అంటున్నా, ఇలాంటి బళ్లు కొన్నే ఉండాలి, ఉన్నవి బాగా ఉండాలి. ప్రతి షెడ్డులోనూ ఒక శవం ఉండాల్సిన అవసరం లేదు.

ఇంతకీ ఏం చెయ్యాలంటే, మా బండి విషయంలో విప్పడమే. ఒళ్లు ఎంత పుచ్చిపోయినా ఆ బండిలో ఎన్ని మంచివి ఉన్నాయో చూసి నాకే ఆశ్చర్యమేసింది. గేరుబాక్సు, వెనక ఆక్సిలు, డైనమో, మీటరు బోర్డు, ముందు అద్దం, నాలుగింట్లో రెండు తలుపులు, గ్రిల్లు, బంపర్లు (పాతకాలం క్రోము, ఇప్పటికీ మొహం చూసుకోవచ్చు). పాతసామాన్ల వాడు మొత్తం బండికి పద్దెనిమిది వేలంటాడు, ఎందుకంటే వాడికి గేరుబాక్సూ ఇనుమే, రివెట్లు కొట్టిన రేకూ ఇనుమే.

కాయితాల దగ్గర జాగ్రత్త. చాలామంది బండిని పాతసామాన్లకి వేసేసి ఆర్సీ బుక్కు బీరువాలో పెట్టుకుంటారు. అది కూడా గుర్తేనట! ఆ నంబరు మీ వాళ్ల పేరు మీద బతికే ఉంటుంది, రేపు ఆ ప్లేటు ఎవడి బండికి ఎక్కుతుందో ఎవరికి తెలుసు. ఓనరు పోతే వారసులు మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మా ఇంట్లో పదమూడేళ్లయింది, ఎవరికీ పట్టలేదు. బండి పనికిరాకుండా పోతే పద్నాలుగు రోజుల్లోనో, వీలైనంత త్వరలోనో రవాణా శాఖకి చెప్పి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను. చాలాచోట్ల ఛాసిస్ నంబరున్న ముక్క కోసి తెమ్మంటారు. తెలిసిన బ్రోకరు చూసుకుంటాడులే అనుకోకండి. మీ తాతగారి పేరు మీద చలానా వచ్చినప్పుడు బ్రోకరు ఫోనెత్తడు.

మా నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున చూస్తే లుంగీ ఎగ్గట్టి, పాత టూల్ కిట్ ముందేసుకుని షెడ్డులో కూర్చున్నాడు. "ఆ గ్రిల్లు నువ్వు విప్పకు, వంకర పోతుంది. నేను విప్పుతాను" అన్నాడు. పదమూడేళ్లలో ఆయన ఆ బండిని ముట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు. విప్పుతూ, ఈ బోల్టు ఫలానా ఏడు తుపానప్పుడు మార్చాం, ఈ సొట్ట మీ బాబాయి చలవ, మామిడిచెట్టుకి గుద్దాడు, అని ప్రతిదానికీ ఒక కథ. బాబాయి పక్కనే ఉన్నాడు, నోరెత్తలేదు. కాఫీషాపు అరవై వేలు కూడా మళ్లీ ఎత్తలేదు.

స్టీరింగు, గేరు రాడ్డు మేం ఉంచుకుంటున్నాం. మిగతావి ఎవరికైనా నడిచే పద్మిని ఉంటే, కింద వ్యాఖ్యలో మీ బండి ఏ ఏడాదిదో, ఏం కావాలో రాయండి. డిక్కీ డోరు అసలుది, ఒక్క చిల్లు లేదు, అయస్కాంతం పెట్టి చూసుకోవచ్చు. డబ్బులు మనం మనం మాట్లాడుకుందాం, రవాణా ఖర్చు మీది. బండి నడుస్తున్న వీడియో మాత్రం పంపాలి. షెడ్డులో పెట్టుకుంటామనేవాళ్లు, గోడకి తగిలించుకుంటామనేవాళ్లు దయచేసి అడగొద్దు.